యంత్రానికి మొక్కు, మాటకు ఎగనామం

కొత్త యంత్రం వస్తే పాత కష్టం దానంతటదే పోతుందన్న నమ్మకం మన కాలంలో బాగా వేళ్లూనుకుంది. శకునాలు పాటించేవాళ్లను చూసి నవ్వే చదువుకున్నవాళ్లు కూడా ఈ నమ్మకాన్ని మాత్రం ప్రశ్నించరు. విద్యుత్ రంగంలో దీని జోరు మరీ ఎక్కువ. విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కమ్‌లకు నష్టాలా? స్మార్ట్ మీటర్లు బిగించండి. ఫిర్యాదు చేస్తే ఎవరూ రావడం లేదా? యాప్ తెండి. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ లేడా? ఆటోమేషన్ చేయండి. కేంద్రం 2021లో 3 లక్షల కోట్ల రూపాయలకు పైగా అంచనాతో తెచ్చిన విద్యుత్ పంపిణీ రంగ సంస్కరణల పథకం ఆర్‌డీఎస్‌ఎస్‌లో అందరి నోటా నానింది 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ల లక్ష్యమే. ఈ ధోరణి వెనక రెండు ఊహలున్నాయి. ఆధునిక జీవితాన్ని యంత్రాలే తెచ్చిపెట్టాయన్నది మొదటిది. వాటి నడుమ తప్పులు చేసేది మనిషే కనుక అతన్ని ఎంత తప్పిస్తే అంత మేలన్నది రెండోది. రెండూ తప్పేనని నా వాదన. కరెంటైనా కంప్యూటరైనా మన బతుకును మార్చింది దాని చుట్టూ మనుషుల మధ్య కట్టుబాట్లు కుదిరినప్పుడే. ఎవరు ఎవరికి ఏం చెప్పాలి, చెప్పినదాన్ని ఎవరు వినాలి, వినకపోతే మూల్యం ఎవరు చెల్లించాలి అన్నవి తేలినప్పుడే. అవి తేలకుండా తెచ్చిన యంత్రం పాత రోగాన్ని పెంచిన సందర్భాలు చరిత్రలో తక్కువేమీ కావు.

ముందుగా మొదటి ఊహ సంగతి చూద్దాం. థామస్ ఎడిసన్ న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రాన్ని 1882లో ప్రారంభించాడు. పాఠ్యపుస్తకాలు చదివితే ఆ మర్నాటి నుంచే పరిశ్రమలు మారిపోయాయనిపిస్తుంది. నిజానికి 1900 నాటికి అమెరికా ఫ్యాక్టరీల్లో యంత్రాలను తిప్పే శక్తిలో విద్యుత్ మోటార్ల వాటా 5 శాతం లోపే. మోటార్లు పెట్టుకున్నవాళ్లకూ పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఎందుకో ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో వివరించాడు. ఆవిరి కాలంలో ఫ్యాక్టరీకంతా ఒకే ఇంజన్ ఉండేది. పైకప్పు కింద పొడవాటి ఇనుప కడ్డీ తిరుగుతుంటే దానికి తగిలించిన బెల్టులు కింది యంత్రాలను తిప్పేవి. కరెంటు వచ్చాక చాలామంది యజమానులు ఇంజన్ తీసేసి, దాని స్థానంలో పెద్ద మోటారు పెట్టి ఊరుకున్నారు. కడ్డీ అదే, బెల్టులు అవే, అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన భవనమూ అదే. ప్రతి యంత్రానికీ సొంత మోటారు పెట్టుకోవచ్చని, అప్పుడు యంత్రాలను పని సాగే వరుసలో అమర్చవచ్చని, అందుకు భవనాన్నీ పనివాళ్ల బాధ్యతలనూ కూడా మార్చాలని తెలిసి వచ్చేసరికి ఒక తరం గడిచిపోయింది. ఉత్పాదకత ఎగబాకింది 1920లలో. అంటే కరెంటు చేతిలో ఉన్నా నలభై ఏళ్లపాటు దాని పూర్తి ఫలం చేతికి రాలేదు. తేడా తెచ్చింది మోటారు కాదు, పనిని కొత్తగా పంచుకోవడం.

రెండో ఊహకు జవాబు ఇంకా సూటిగా దొరుకుతుంది. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ కెనడాలోని ఒంటారియోలోనూ సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. మూలం ఒహాయో రాష్ట్రంలో ఉంది. ఆనాటికి అది వెనుకబడిన వ్యవస్థేమీ కాదు. కంట్రోల్ రూమ్ నిండా కంప్యూటర్లే. లైన్ పడిపోతే మోగాల్సిన అలారం సాఫ్ట్‌వేర్ ఆ మధ్యాహ్నం మొరాయించింది. మొరాయించిందని చెప్పే మరో అలారం లేదు. సర్వర్లు దెబ్బతిన్న సంగతి కంప్యూటర్ విభాగం వాళ్లకు తెలుసు, కానీ అలారాలు మోగడం లేదన్న కబురు ఆపరేటర్లకు చేరలేదు. వేళకు కొమ్మలు కొట్టించకపోవడంతో హైటెన్షన్ లైన్లు వేడికి సాగి చెట్లకు తగిలి ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. ఇతర సంస్థల నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నా, తెర మీద అంతా మామూలుగా కనిపిస్తుండటంతో వాటిని పట్టించుకోలేదు. ఆ ప్రాంతమంతటినీ పర్యవేక్షించాల్సిన మరో సంస్థలో గ్రిడ్ స్థితిని లెక్కగట్టే ప్రోగ్రామును మరమ్మతు తర్వాత తిరిగి నడపడం మరిచిపోయారు. ఇందులో మనుషుల తప్పు లేదా అని అడగవచ్చు. ఉంది. అయితే ఆ తప్పు జరిగింది యంత్రం తక్కువై కాదు, తెరను నమ్మి తోటి మనిషి ఫోనును నమ్మకపోవడం వల్ల. కొమ్మలు కొట్టే పని, పక్క గదికి వెళ్లి ఒక మాట చెప్పే పని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు.

మన దేశంలో 2012 జూలై 30, 31 తేదీల్లో జరిగింది దీనికి మరో ముఖం. మొదటి రోజు తెల్లవారకముందే ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయి 60 కోట్ల మంది నివసించే ప్రాంతం స్తంభించింది. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఏకమై నడవడం లేదు కనుక తెలుగు నేల బయటపడింది. ఆనాడు ఒహాయోలో మాదిరి కబురు అందకపోవడం కాదు, అందిన కబురును లెక్క చేయకపోవడం కొంప ముంచింది. కొన్ని లైన్లు పనుల కోసం ఆపి ఉండగా, బీనా-గ్వాలియర్ మార్గం మీద భారం పెరిగిపోతుంటే, వాడకం తగ్గించమని ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. రాష్ట్రాల కేంద్రాల స్పందన చాలినంతగా లేదని విచారణ సంఘం తేల్చింది. రక్షణ పరికరాల అవాంఛిత పనితీరునూ అది ఎత్తిచూపింది, కాదనను. కానీ చెప్పిన మాటకు విలువ లేని చోట పరికరం ఒంటరిగా ఎంతసేపు నిలబడుతుంది?

ఇక్కడ ఇంజనీర్ల నుంచి వచ్చే అభ్యంతరం బలమైనది. ఆ తర్వాత గ్రిడ్ బాగుపడింది టెక్నాలజీ వల్లనే కదా, 2013 డిసెంబర్ 31న రాయచూర్-సోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది కదా అంటారు. ఆ మెరుగుదలలో పరికరాల పాత్ర నిజమే. అయితే దక్షిణాది అనుభవాన్ని ఇంకో పదేళ్లు వెనక్కి వెళ్లి చూడాలి. 50 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ పౌనఃపున్యం ఒకప్పుడు 48 దరిదాపులకు జారడం ఇక్కడ కొత్త కాదు. 2003 జనవరి 1న ఏబీటీ అనే లభ్యత ఆధారిత టారిఫ్ అమల్లోకి వచ్చింది. పౌనఃపున్యం పడిపోయినప్పుడు కోటా మించి వాడుకున్న రాష్ట్రం ఎక్కువ ధర కట్టాలి. అదే సమయంలో తగ్గించుకున్న రాష్ట్రానికి ఆ ధర దక్కుతుంది. నిబంధన ఇంతే. రాత్రికి రాత్రి కొత్త విద్యుత్ కేంద్రాలు పుట్టలేదు, కొత్త లైన్లు మొలవలేదు. పాత తీగల మీదే పౌనఃపున్యం గాడిన పడింది. ఎవరి బాధ్యత ఎంతో అందరికీ ఒకేలా కనిపించే అంకెలోకి మారింది కనుక పడింది. ప్రతి 15 నిమిషాల వాడకాన్ని నమోదు చేసే ప్రత్యేక మీటర్లు లేకపోతే ఈ ఏర్పాటు సాధ్యం కాదు. కాబట్టి టెక్నాలజీ అనవసరమని నేను అనడం లేదు. ముందు ఒప్పందం, దాన్ని నిలబెట్టడానికి మీటరు. ఇప్పుడు మనం చేస్తున్నది మీటరు ముందు, ఒప్పందం ఎప్పుడో.

ఒప్పందం లేని చోట యంత్రం ఏం చేస్తుందో తెలుగు రైతుల ఆటో స్టార్టర్ చెబుతుంది. వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత విద్యుత్ వచ్చింది, కానీ త్రీఫేజ్ కరెంటు రోజుకు ఏడు గంటలు, అదీ విడతలుగా. ఏ విడత ఎప్పుడొస్తుందో, మధ్యలో ఎప్పుడు పోతుందో కాగితం మీద ఒకలా, పొలంలో ఇంకోలా ఉండేది. అర్ధరాత్రి చీకట్లో మోటారు దగ్గరికి వెళ్లి పాముకాటుకో షాకుకో గురయ్యే బదులు రైతు ఆటో స్టార్టర్ బిగించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఒక్కరి విషయంలో ఇది తెలివైన పని. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో మొదలైతే మాత్రం చిక్కే, ఎందుకంటే మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, వైండింగులు కాలుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుంది. అప్పుడు రైతులే చందాలు వేసుకుని దాన్ని ట్రాక్టరులో మరమ్మతుకు మోసుకెళ్లాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులే రైతులను బతిమాలాల్సి వచ్చింది. లేకుంటే అవసరం లేకున్నా మోటార్లు తిరిగి భూగర్భ జలం అడుగంటుతుందన్న భయం. మాట మీద నమ్మకం పోయిన చోట పుట్టిన పరికరం అది. నమ్మకం తిరిగి కల్పించకుండా పరికరాన్ని తిట్టి లాభం లేదు.

రైతు విషయంలో మోటారు కాలితే, లైన్‌మన్ విషయంలో మనిషే కాలిపోతాడు. స్తంభం ఎక్కే ముందు అతను సబ్‌స్టేషన్ ఆపరేటరుకు ఫోన్ చేసి ఫీడర్ పేరు చెప్పి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఆపరేటర్ సరఫరా ఆపి, రాసుకుని, ఆపానని చెప్పాలి. లైన్‌మన్ పరీక్షించుకుని, తీగలకు ఎర్తింగ్ చేసుకుని, పని ముగించి దిగాక ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా మరెవరు అడిగినా స్విచ్ వేయకూడదు. మొత్తం రక్షణ ఈ నాలుగు మాటల్లో ఉంది. ఫీడర్ పేరు తప్పు వినబడినా, షిఫ్టు మారే వేళ ఒకరు చెప్పినది ఇంకొకరికి చేరకపోయినా, అవతలి వైపు పని చేస్తున్న బృందం సంగతి మరిచినా ప్రాణం పోతుంది. ఎల్‌సీ తీసుకున్నాక కూడా సరఫరా వచ్చి కార్మికుడు మరణించాడన్న వార్త జిల్లా పేజీల్లో మనకు అలవాటైపోయింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో విద్యుదాఘాత మరణాలు ఇటీవలి ఏళ్లలో ఏటా 12,000కు పైగానే ఉంటున్నాయి, మృతుల్లో ఎక్కువమంది సామాన్య ప్రజలే. కాంట్రాక్టు కార్మికుడితో, పేరు రికార్డుల్లో లేని ప్రైవేటు హెల్పర్‌తో స్తంభం ఎక్కించే వ్యవస్థకు యాప్ అందించి చేతులు దులుపుకోవడం బాధ్యత అనిపించుకోదు.

మనిషి లంచం అడుగుతాడు, అబద్ధమాడతాడు, యంత్రం ఆడదు అన్నది మరో వాదన. మీటర్ రీడింగులో చేతివాటాన్ని యంత్రం తగ్గించగలదు, ఒప్పుకుంటాను. కానీ డిస్కమ్‌ల నష్టాల్లో పెద్ద భాగాలు ప్రభుత్వ శాఖలూ స్థానిక సంస్థలూ పడ్డ బకాయిలు, వేళకు విడుదల కాని సబ్సిడీలు. ప్రభుత్వం తాను ఎంత బాకీ ఉందో తెలుసుకోవడానికి స్మార్ట్ మీటర్ అక్కర్లేదు. పుండొకచోట, మందొకచోట. ఇక పారదర్శకత సంగతంటారా, చేతిలో ఇమిడే యంత్రం క్షణాల్లో బిల్లు ముద్రించి ఇస్తుంది. అందులోని ట్రూఅప్ చార్జీ, ఇంధన సర్దుబాటు చార్జీ ఏ నెల వాడకానికి, ఎవరి నిర్ణయం వల్ల, ఎందుకు కట్టాలో మాత్రం వినియోగదారుకు అర్థం కాదు. విద్యుత్ చట్టం 2003లోని 42వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపైన అంబుడ్స్‌మన్ ఉన్నారని, సేవా ప్రమాణాలు పాటించకపోతే 57వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చని ఎంతమందికి చెప్పారు? అర్థం కాని బిల్లును వేగంగా ఇవ్వడం పారదర్శకత కాదు.

చివరిగా, మనది మొబైల్ యుగం, స్తంభాలూ తీగలూ పాత కథ అనేవాళ్లున్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటుతో పాటే ఫోన్లూ మూగబోయాయి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో గ్రిడ్ పడిపోతే కార్డు చెల్లింపులు, రైళ్లు ఒక్కసారిగా ఆగాయి. క్లౌడ్ అని ఏ పేరు పెట్టుకున్నా అదంతా ఎక్కడో ఒకచోట సబ్‌స్టేషన్‌కు కట్టేసి ఉన్నదే. కొత్త టెక్నాలజీ వచ్చేకొద్దీ తీగలూ లైన్‌మన్లూ మరింత అవసరమవుతారు.

కాబట్టి పౌరులు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఫీడర్ వారీగా కోతల వేళలు ముందే తెలుగులో ప్రకటించి, ఆ వేళలకు కట్టుబడాలి. తప్పితే పరిహారం ఫిర్యాదు లేకుండానే బిల్లులో తగ్గాలి. లైన్‌మన్ ఖాళీలు నింపాలి, స్తంభం ఎక్కే ప్రతి ఒక్కరి పేరూ రికార్డులో ఉండాలి. ఎల్‌సీ మాటను ఉల్లంఘించిన ప్రతి ఘటన మీద విచారణ నివేదిక బయటపెట్టాలి. ప్రభుత్వ శాఖలు ముందు తమ బాకీ కట్టి తర్వాత పేదవాడి ఇంటికి ప్రీపెయిడ్ మీటరు పంపాలి. వీటిలో ఏదీ అసాధ్యం కాదు, చాలావాటికి అయ్యే ఖర్చూ తక్కువే. శిలాఫలకమూ రిబ్బన్ కత్తిరింపూ లేని పనులు కావడమే వీటి లోపం. ఆ లోపాన్ని పాలకులు క్షమించరు, అది వాళ్ల స్వభావం. కొత్త పరికరం ప్రకటించిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి మనమూ క్షమించకపోతే, ఆ తప్పు మనది.