తాత వాటా

అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం. ఇది అందరికీ తెలిసిన లెక్కే. మరి నాన్నగారి నాన్న నుంచి మనకెంత వచ్చినట్టు? సగంలో సగం, పావు వంతు అని ఠక్కున చెప్పేస్తాం. పొలం పంపకాల్లోనైతే అది సరే. డీఎన్ఏలో పావు అన్నది సగటు మాత్రమే. ఒకే తాత నుంచి మనవడికి 22 శాతం, మనవరాలికి 28 శాతం వచ్చి ఉండొచ్చు.

ఈ తేడా పుట్టేది మియోసిస్‌లో. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి క్షయకరణ విభజన అంటే గుర్తొస్తుంది. మన కణాల్లో 23 జతల క్రోమోజోములుంటాయి. ప్రతి జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. వీర్యకణంలోకైనా, అండంలోకైనా జతకి ఒకటే వెళ్ళాలి. ఏది వెళ్తుందన్నది బొమ్మా బొరుసూ వ్యవహారం. 23 సార్లు నాణెం ఎగరేస్తే 83,88,608 రకాల ఫలితాలు!

అంతకు ముందే ఇంకో తమాషా జరుగుతుంది. జతలోని రెండు క్రోమోజోములూ పక్కపక్కన చేరి, ఒకే చోట తెగి, ముక్కలు మార్చుకుని అతుక్కుంటాయి. దీన్నే క్రాసింగ్ ఓవర్ అంటారు. అందుకే నాన్న మనకిచ్చేది అచ్చంగా తాతదీ కాదు, అచ్చంగా నానమ్మదీ కాదు. ఇద్దరి బట్టలూ కలిపి కుట్టిన బొంత. అక్కకి కుట్టిన బొంత వేరు, తమ్ముడికి కుట్టింది వేరు. ఇక అమ్మ వైపు సంగతి మరీ విచిత్రం. మీరు ఏ అండం నుంచి పుట్టారో, అందులో ఈ మార్పిడి మీ అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగానే అయిపోయింది.

జీన్ అంటే ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లోనే దీని లెక్క తేల్చినవాడు ఒక డిగ్రీ కుర్రాడు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గన్ పాలసీసాల్లో పండు ఈగల్ని పెంచేవాడు. దండలో పక్కపక్కనున్న రెండు పూలు, దండ ఎక్కడ తెగినా దాదాపు కలిసే ఉంటాయి. దూరంగా ఉన్నవి సులువుగా విడిపోతాయి. జీన్లూ అంతేనని మోర్గన్ ఊహ. 1911లో ఆయనతో మాట్లాడి ఇంటికెళ్ళిన 19 ఏళ్ళ ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్‌కి, ఏ రెండు లక్షణాలు ఎన్నిసార్లు విడిపోయాయో చూస్తే వాటి మధ్య దూరం తెలిసిపోతుంది కదా అని తట్టింది. హోంవర్క్ పక్కన పడేసి, రాత్రి చాలాసేపు కూర్చుని మొట్టమొదటి క్రోమోజోము మ్యాప్ గీసేశాడు. 1913లో అది అచ్చయింది. ముక్కలు నిజంగానే చేతులు మారతాయని 1931లో కార్నెల్‌లో హారియెట్ క్రైటన్, బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో చూపించారు.

ఇప్పుడు వంశం సంగతి. మేనరికాలు లేవనుకుంటే, పది తరాల వెనక మనకి 1,024 మంది పూర్వీకులు. ముక్కలు అన్నిసార్లు తెగి, అన్నిసార్లు వదిలేయబడ్డాక, వాళ్ళలో చాలామంది నుంచి మనలో ఒక్క ముక్క కూడా మిగలదు. వంశవృక్షంలో పేరుంటుంది, ఒంట్లో మాత్రం ఉండదు. ఫలానావారి రక్తం అని మీసం మెలేసేముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

అలాగని "వీడికి అచ్చం తాత ముక్కే" అని ఇంట్లో పెద్దవాళ్ళంటే కాదనకండి. ఆ ముక్కు తెచ్చిన ముక్కలు తాతవే కావచ్చు. వాటి పక్కనే అతుక్కుని వచ్చినవి నానమ్మవి.