రహదారి సంఖ్యను ఎక్కడ వ్రాయాలి?

విజయనగరం వైపు నుండి సాలూరు ఘాటు ఎక్కి కోరాపుట్, జగదల్‌పూర్, ధమ్‌తరి, అభన్‌పూర్‌ల మీదుగా రాయ్‌పూర్ ప్రయాణించిన మన సహోద్యోగులకు 43వ నంబరు జాతీయ రహదారి గుర్తుండే ఉంటుంది. 2010లో జాతీయ రహదారులకు కొత్త సంఖ్యలు కేటాయించినప్పుడు అభన్‌పూర్ గుండా పోయే రోడ్డుకు 30 వచ్చినది. ఆ సంఖ్య జగదల్‌పూర్ నుండి దక్షిణంగా కుంట, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం చేరుతుంది. రోడ్డు కదలలేదు, సంఖ్య మాత్రం మారినది. మరి పటంలో దీనిని ఎన్నిచోట్ల దిద్దవలసి ఉంటుంది?

2004లో ఇంగ్లాండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను స్వచ్ఛంద కార్యకర్తలే గీస్తారు, వారే దిద్దుతారు. అందులోని సమాచారమంతా బిందువులు, రేఖలు, వాటిని కలిపే సంబంధాలు అనే మూడు రూపాలలో ఉంటుంది. రాయ్‌పూర్–ధమ్‌తరి రోడ్డు అందులో ఒకే రేఖ కాదు. వంతెన వచ్చినచోట, వరుసల సంఖ్య మారినచోట రేఖను తెంచవలసినదే. ఆ ముక్కలన్నిటిపైనా 30 అని వ్రాసి ఉంటుంది.

స్టోర్సు రిజిస్టరు చూసిన ఇంజనీరుకు ఇది నచ్చదు. ఒక విషయాన్ని ఒక్కచోటనే నమోదు చేసి, మిగిలినచోట్ల దానిని సూచించడం మన అలవాటు. ముక్కలన్నిటినీ ఒక సంబంధంలో చేర్చి సంఖ్యను అక్కడ మాత్రమే వ్రాస్తే సరిపోదా? సిద్ధాంతరీత్యా సరిపోతుంది. కాని అభన్‌పూర్ కుర్రవాడొకడు తమ ఊరి పక్కదారిని గీయడానికి వచ్చాడనుకోండి. అతనికి రోడ్డు తెలుసు, సంబంధం సంగతి తెలియదు. కొత్త రేఖను అందులో చేర్చడు, గొలుసు తెగుతుంది. కనుక ఆచరణలో సంఖ్యను రెండుచోట్లా ఉంచుతున్నారు. ఇది దుబారా కాదని నా అభిప్రాయం. రెండూ పొసగనిచోటును ప్రోగ్రాము పట్టి చూపగలదు.

బస్‌స్టాపుల విషయంలో దీనికి విరుద్ధంగా జరిగినది. 2011లో ఆమోదం పొందిన పద్ధతి ప్రకారం బస్సు ఆగే చోటు, ప్రయాణికులు నిలిచే చోటు, రెండింటినీ కలిపే సంబంధం వేరువేరుగా నమోదు కావాలి. తర్కం నిర్దుష్టమే! అయినా నేటికీ చాలామంది పాత పద్ధతిలో ఒక్క బిందువు పెట్టి ఊరుకుంటున్నారు. వారిని తప్పుపట్టలేము.

స్థానికుని మాట ఎంత అవసరమో అభన్‌పూర్ రైలుమార్గమే చెబుతుంది. ఒకప్పుడు రాయ్‌పూర్ నుండి ధమ్‌తరికి, అభన్‌పూర్ వద్ద చీలి రాజిమ్‌కు 762 మి.మీ. న్యారోగేజి బళ్లు నడిచేవి. రాయ్‌పూర్ నగరంలో ఆ పాత పట్టాల స్థానంలో రోడ్డు వేశారు. 2025 మార్చి 30న మందిర్ హసౌద్ మీదుగా రాయ్‌పూర్–అభన్‌పూర్ బ్రాడ్‌గేజి మెమూ రైలు ప్రారంభమైనది. పట్టాలు తీసినదీ, బండి నడుస్తున్నదీ ముందుగా తెలిసేది ఆ ఊరివారికే. వారు 762 స్థానంలో 1676 వేయగలిగితే చాలును. 2013లో వచ్చిన ఐడీ అనే దిద్దుబాటు సాధనం ఇటువంటి వివరాలకు ఫారం చూపి, నింపిన జవాబును తానే సాంకేతిక రూపంలోనికి మార్చుకుంటుంది. రేఖను తెంచినప్పుడు రెండు ముక్కలనూ పాత సంబంధంలోనే ఉంచుతుంది. భారం యంత్రంపై పడవలసినది ఇక్కడే.

సబ్బవరం వరకు తలపెట్టిన 464 కి.మీ. రాయ్‌పూర్–విశాఖపట్నం ఆరు వరుసల రహదారి కూడ అభన్‌పూర్ సమీపంలోనే మొదలవుతుంది. నిర్మాణంలోని రోడ్డుకు పటంలో ప్రత్యేక గుర్తు ఉన్నది. ఒక్కొక్క భాగం తెరచినప్పుడల్లా దానిని మార్చాలి. అందుకు ఆ ఊరివారిని అడగవలసినది ఒక్కటే: దీనిమీద బళ్లు తిరుగుతున్నాయా?