అరకులో కాఫీ షాపు: మెషీన్ కంటే ముందు చట్టం చూడండి

అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో పార్లమెంట్ ఆవరణలోనూ స్టాళ్లు పెట్టారు. ఈ పేరు చూసి అక్కడే చిన్న షాపు పెడదామనుకునే కుర్రాళ్లు మనలోనూ ఉన్నారు.

కానీ అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులకు స్థలం బదిలీ చెల్లదు. లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. గిరిజనుల పేరు మీద బినామీగా పెడితే మన పెట్టుబడికి రక్షణ ఉండదు. దీన్ని అడ్డంకి అనుకోవద్దు. భూమి చేజారకుండా గిరిజనులకు ఉన్న కంచె అది.

అందుకే షాపు సొంత ఊళ్లో పెట్టి, గింజలు అరకువి తెచ్చుకోవడం మేలు. గిరిజన సహకార సంస్థ అక్కడి రైతుల దగ్గర కొని అమ్ముతుంది.

ఇక సామాను. ఎస్‌ప్రెస్సో డబుల్ షాట్‌కి సుమారు 18 గ్రాముల పొడి పడుతుంది, అంటే కిలోకి దాదాపు 55 కప్పులు. రోజుకు ఎన్ని కప్పులు పోతాయో తెలియకుండా లక్షలు పోసి మెషీన్ కొనొద్దు. మొదట మంచి గ్రైండర్, స్టీల్ ఫిల్టర్లు చాలు. 5 శాతం జీఎస్టీ కట్టే హోటళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి మెషీన్‌పై కట్టిన పన్ను కూడా ఖర్చులోనే రాసుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

గిరాకీ నిలబడ్డాక మెషీన్ ఎప్పుడైనా కొనొచ్చు. అప్పు వాయిదా మాత్రం గిరాకీ కోసం ఆగదు.