ఎడమచేయి కాదు, కాళ్లు చూడండి

దాపట కట్టి అలవాటైన ఎద్దును తెచ్చి వలపట కడితే ఏమవుతుందో మనలో వ్యవసాయం చేసే ఇండ్ల నుంచి వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఎద్దు అదే, బలం అదే, నాగలి అదే. కానీ నాలుగు సాళ్లు కూడా తిన్నగా పడవు. పక్కనున్న జోడెద్దు కూడా బెదురుతుంది. బాక్సింగ్ రింగులో ఎడమచేతివాటం వాడు ఎదురైనప్పుడు కుడిచేతివాటం వాడి పరిస్థితి అచ్చం ఇలాగే ఉంటుంది.

"ఎడమచేతి వాళ్లకు అదొక వరం అన్నా, వాళ్లకు దెబ్బ తగలదు" అని మన తమ్ముళ్లు టీవీ ముందు కూర్చుని అనుకోవడం చాలాసార్లు విన్నాను. ఈ మాటతోనే నాకు పేచీ. వరం అనుకున్న రోజు ఎడమచేతివాడు నేర్చుకోవడం మానేస్తాడు. కుడిచేతివాడు వాడి ముందు బరిలోకి దిగకముందే ఓడిపోతాడు. నా దృష్టిలో అందులో సగం అలవాటు, మిగతా సగం కాళ్లు. చేతి పాత్ర మనం అనుకున్నంత లేదు.

ముందు అలవాటు సంగతి చూద్దాం. మనుషుల్లో ఎడమచేతివాటం వాళ్లు సుమారు పదిమందికి ఒకరు. అంటే వందమంది ఉన్న హాస్టల్‌లో పదిమంది. బాక్సింగ్ నేర్చుకునే కుడిచేతి కుర్రవాడు రోజూ తనలాంటి వాళ్లతోనే సాధన చేస్తాడు. ఎడమచేతివాడు అతనికి ఎప్పుడో ఒకసారి తగులుతాడు. కానీ ఎడమచేతివాడు? వాడికి రోజూ ఎదురయ్యేది కుడిచేతివాళ్లే. మనకు వాడు కొత్త, వాడికి మనం పాత. మనం భుజం కదిలించగానే ఏ పంచ్ వస్తుందో వాడికి తెలిసిపోతుంది, వాడి భుజం కదిలితే మనకేమీ తెలియదు. కబడ్డీలో కూతకు వచ్చినవాడు ఎప్పుడూ వచ్చే వైపు నుంచి కాకుండా ఎదురు వైపు నుంచి తిరిగితే మూల మీద నిలబడ్డవాడు ఒక్క క్షణం తడబడతాడు చూడండి, అదే ఇది కూడా.

2019లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పదమూడు వేలకు పైగా బాక్సర్ల, ఇతర యుద్ధ క్రీడాకారుల లెక్కలు తీసి చూశారు. ఎడమచేతివాటం వాళ్లు మామూలు జనంలో ఉన్న వాటా కంటే రింగులో ఎక్కువగానే ఉన్నారు, కుడిచేతివాళ్ల కంటే కొంచెం ఎక్కువగానే గెలుస్తున్నారు. ఆ "కొంచెం" అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. వరమే అయితే లెక్క అంత చిన్నగా ఉండదు.

ఇక కాళ్ల సంగతి. దీన్ని చదివితే అర్థం కాదు, ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక మిత్రుణ్ని ఎదురుగా నిలబెట్టుకోండి. మీరు కుడిచేతివాటం అనుకుంటే ఎడమకాలు, ఎడమచేయి ముందుకు పెట్టండి. బలమైన కుడిచేయి గదుమ పక్కన ఉంచండి. మీ మిత్రుణ్ని దీనికి తిరగేసి, కుడికాలు, కుడిచేయి ముందుకు పెట్టమనండి. ఇలా నిలబడే వాణ్ని బాక్సింగ్‌లో సౌత్‌పా అంటారు. ఇప్పుడు చూడండి, ఇద్దరి ముందుకాళ్లు ఎదురెదురుగా వచ్చాయి. మీ ఎడమచేతి జాబ్ పోవాల్సిన దారిలో వాడి కుడిచేయి ముందే కాపలా ఉంది. మీరు బాగా నేర్చుకున్న మొదటి ఆయుధానికే అడ్డం పడింది.

ఇంకొక అడుగు వేయించండి. మీ మిత్రుడు తన కుడిపాదాన్ని మీ ఎడమపాదానికి బయటివైపు పెట్టాలి. పెట్టగానే వాడు మీ కుడిచేతికి దూరమయ్యాడు, వాడి ఎడమచేయి మాత్రం తిన్నగా మీ ముఖం మధ్యకు చూస్తోంది. మీరు కొట్టాలంటే మళ్లీ తిరిగి నిలబడాలి. మీరు తిరిగేలోపు వాడు ఇంకొక అడుగు పక్కకు వేస్తాడు. దెబ్బ తగలకపోవడం అంటే ఇంతే. జానెడు నేల కోసం జరిగే పోట్లాట. ఆ జానెడు నేల ముందుగా ఎవడు పట్టుకుంటే వాడిదే పైచేయి. కుడిచేతివాడు కూడా తన ఎడమపాదాన్ని బయటికి పెట్టి అదే చోటు పట్టుకోవచ్చు, ఎవరూ వద్దనలేదు. చాలామంది పట్టుకోరు, ఎందుకంటే వాళ్ల చూపంతా ఆ ఎడమచేతి మీదే ఉంటుంది.

ఈ విద్యలో అందరికంటే ముందు చెప్పుకోవలసిన పేరు పెర్నెల్ విటేకర్. అమెరికాలోని నార్‌ఫోక్ పట్టణంలో పుట్టిన నల్లజాతి యువకుడు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, తర్వాత వృత్తి బాక్సింగ్‌లో నాలుగు వేర్వేరు బరువు విభాగాల్లో ప్రపంచ టైటిళ్లు అందుకున్నాడు. అతని పోటీల వీడియోలు దొరికితే తప్పకుండా చూడండి. ఎదుటివాడు కొట్టే సమయానికి తల అక్కడ ఉండదు. మోకాళ్లు వంచి నేలకు దగ్గరగా కూర్చున్నంత పని చేస్తాడు, మళ్లీ పక్కనుంచి లేస్తాడు. అయినా పారిపోడు, చేయి చాపితే అందేంత దగ్గరలోనే ఉంటాడు. 1993 సెప్టెంబర్‌లో అప్పటిదాకా ఓటమి ఎరుగని మెక్సికో వీరుడు హూలియో సీజర్ చావెజ్‌తో శాన్ ఆంటోనియోలో తలపడ్డాడు. న్యాయనిర్ణేతలు డ్రా అన్నారు, చూసినవాళ్లలో ఎక్కువమంది గెలుపు విటేకర్‌దే అన్నారు. మోకాళ్లతో తప్పించుకునేవాడి పనితనం పంచ్‌లు లెక్కపెట్టే కళ్లకు అంత సులభంగా కనిపించదని నాకు అనిపిస్తుంది. 2019లో ఒక రోడ్డు ప్రమాదంలో ఆయన చనిపోయాడు.

కాళ్లే గొప్ప అనడానికి ఇంకొక సాక్ష్యం ఉంది. 2008లోనూ 2012లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఉక్రెయిన్ సౌత్‌పా వాసిల్ లొమచెంకో చిన్నతనంలో, అతని తండ్రి, గురువు కూడా ఆయనే, కొంతకాలం బాక్సింగ్ మాన్పించి జానపద నృత్యం నేర్పించాడు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మన డప్పు దరువు గుర్తొచ్చింది. దరువు మారగానే అడుగు మార్చడం, ఒంటికాలి మీద బరువు ఆపి పక్కకు తిరగడం మనవాళ్లకు ఎవరూ కోచింగ్ ఇచ్చి నేర్పలేదు. బాక్సింగ్‌కు పనికివచ్చే కాళ్లు మన హాస్టల్‌లోనే ఉన్నాయి.

సౌత్‌పాకు లోపాలు లేవా? ఉన్నాయి. మన కాలేయం కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. కుడివైపు ముందుకు పెట్టి నిలబడినవాడు దాన్ని కూడా ముందుకు పెట్టినట్టే. అక్కడ ఒక మంచి దెబ్బ పడితే ఎంతటివాడైనా మోకాళ్ల మీద కూలబడతాడు. కుడి మోచేయి ఎప్పుడూ అక్కడ కాపలా ఉండాల్సిందే. రెండోది, ఎదుటివాడు కూడా ఎడమచేతివాడైతే కొత్తదనం అంతా ఆవిరైపోతుంది. అప్పుడు కాళ్లు నేర్చినవాడు మిగులుతాడు, చేతిని నమ్ముకున్నవాడు దొరికిపోతాడు. మూడోది, తప్పించుకున్నందుకు మార్కులు వేయరు. ఇప్పుడు ఒలింపిక్ తరహా పోటీల్లో ఐదుగురు న్యాయనిర్ణేతలు రౌండుకు పది పాయింట్ల పద్ధతిలో వేస్తారు, శుభ్రంగా తగిలిన దెబ్బకే విలువ. తప్పించుకున్న మరుక్షణం తిరిగి కొట్టాలి. లేకపోతే అది ఉత్త గంతులాటే.

ఎడమచేత్తో అన్నం తింటే, ఎడమచేత్తో డబ్బులిస్తే తప్పు అనే మాట మన ఇండ్లలో ఇంకా పోలేదు. ఆ మాట మైదానంలోకి కూడా వస్తోంది. ఎడమచేతి పిల్లవాణ్ని మొదటి రోజే కుడివైపుకు తిప్పేస్తున్నారు. అర్జునుడు రెండు చేతులా బాణాలు వేస్తే సవ్యసాచి అని పొగిడినవాళ్లం మనమే కదా! నిజం చెప్పాలంటే తిప్పడం వల్ల ఒక్కోసారి లాభం కూడా ఉంటుంది. 1992 బార్సిలోనా స్వర్ణ విజేత ఆస్కార్ డి లా హోయా పుట్టుకతో ఎడమచేతివాడు, నిలబడింది మాత్రం కుడిచేతివాళ్లలా. బలమైన చేయి ముందుండటంతో అతని ఎడమ హుక్‌కు అందరూ భయపడ్డారు. 1997లో అతనే పాయింట్ల మీద విటేకర్‌ను ఓడించాడు కూడా, ఆ తీర్పు మీద ఇప్పటికీ వాదనలున్నాయి. కాబట్టి తిప్పొచ్చు. కానీ రెండు వైపులా నిలబెట్టి, నడిపించి, పిల్లవాడి కాళ్లు ఎటు తేలికగా కదులుతున్నాయో చూసి తిప్పాలి. అరిష్టమని తిప్పకూడదు.

దీన్ని ఇంత పొడుగ్గా రాయడానికి ఇంకొక కారణం ఉంది. మన పోటీల్లో దెబ్బ తిని కూడా నిలబడ్డవాడికే ఈలలు, చప్పట్లు ఎక్కువ. "తిన్నా పడలేదురా, మొగోడు" అంటాం. తలకు తగిలిన ప్రతి దెబ్బకూ పుర్రె లోపల మెదడు కదులుతుంది. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది కానీ ఆ కదలికను ఆపలేదు. మన దగ్గరికి వచ్చే పిల్లలు చదువుకోవడానికి వచ్చారు, ఆ తలతోనే రేపు పరీక్షలు రాయాలి. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేత అయిన తర్వాత, అదే ఊరి హుసాముద్దీన్ 2023లో ప్రపంచ పోటీల కాంస్యం తెచ్చిన తర్వాత మన సిద్దిపేట పిల్లలకు కూడా గ్లౌజుల మీద మనసు పోతోంది. సంతోషమే. గ్లౌజులు తొడగడానికి ముందు ఒక ఆరు నెలలు తప్పించుకోవడం నేర్పండి అన్నదే పి.ఇ.టి. సార్లకు నా విన్నపం.

దానికి పైసా ఖర్చు లేదు. సున్నంతో నేల మీద ఒక గీత గీసి దాని మీద అడుగులు వేయించవచ్చు. హాస్టల్‌లో ఉన్న ఎడమచేతి పిల్లలను వారంలో ఒకరోజు అందరికీ ఎదురుగా నిలబెడితే వాళ్ల కొత్తదనం అందరికీ పాతబడుతుంది. ఇక మన బట్టలారేసే తాడు ఉండనే ఉంది. దాన్ని భుజమంత ఎత్తున కట్టి, తల ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు తాడు కిందుగా తీస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలి. వంగాల్సింది మోకాళ్లు, నడుము కాదు. కళ్లు నేల చూడకూడదు. పొద్దున్నే ఐదున్నరకు మొదలుపెట్టండి, ఆ తర్వాత తాడు నిండా తడి లుంగీలు వచ్చేస్తాయి.