లెక్క చెప్పని చోట ఉజ్జీవం రాదు

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు వస్తుంటే వెంచర్ల ఫ్లెక్సీల పక్కనే మా ఫ్లెక్సీలూ కనిపిస్తాయి. మూడు రోజుల ఉజ్జీవ సభలు, స్వస్థత కూడికలు, విడుదల ప్రార్థనలు. ప్రసంగికుడి ఫొటో నిలువెత్తున ఉంటుంది, యేసు పేరు అడుగున ఎక్కడో ఉంటుంది. వెంచరు వాడు కనీసం సర్వే నంబరైనా వేస్తాడు. మనవాళ్ళ ఫ్లెక్సీ మీద ఫోన్‌పే నంబరు తప్ప ఇంకో నంబరు ఉండదు.

నేను ఈ సంఘాల్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఇవాళ్టికీ బల్ల దగ్గరికి వెళ్ళే విశ్వాసిని. ఆ హక్కుతోనే అంటున్నాను: ఇన్నేళ్ళుగా ఇన్ని ఉజ్జీవ సభలు పెట్టినా ఉజ్జీవం ఎందుకు రాలేదో మనందరికీ తెలుసు. చెప్పడానికే నోరు రాదు. లెక్క చెప్పని చోటికి ఉజ్జీవం రాదు.

దశమభాగం కవరు ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. పేరు, నెల, మొత్తం అని గళ్ళు అచ్చువేసి ఉంటాయి. ఇచ్చినవాళ్ళ వివరాలన్నీ రాయాలి. పుచ్చుకున్నవాళ్ళు ఆ డబ్బు ఏం చేశారో రాయడానికి ఒక్క గడి ఉండదు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, పని దొరికితే కూలికి పోయే తల్లి ఆ కవరులో రెండు వందలు పెడుతుంది. ఒక నెల పెట్టలేకపోతే, ఆ ఆదివారం వాక్యం మలాకీ మూడో అధ్యాయంలోంచే వస్తుంది, దేవుని సొమ్ము దొంగిలించినవాళ్ళ మీద. ఆమె తల దించుకుంటుంది. ముఖమల్ సంచి వరుసల మధ్య తిరిగి లోపలి గదిలోకి పోతుంది, తలుపు పడుతుంది. మందిరం స్థలం ఎవరి పేరు మీద ఉందో సంఘంలో సగం మందికి తెలియదు. అయ్యగారు కన్నుమూసి, కొడుకు ఆయన కుర్చీలో కూర్చున్న రోజున తెలుస్తుంది. ఎవరైనా అడిగితే 'అభిషిక్తుల మీద నోరెత్తకూడదు' అని నోరు నొక్కుతారు.

మరి అపొస్తలులకు లేని అభిషేకం వీళ్ళకెక్కడిది? యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. అపొస్తలులు శాపనార్థాలు పెట్టలేదు. ఏడుగురిని మీరే ఎన్నుకోండని పంపకం పెత్తనం సంఘానికి అప్పజెప్పారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవాళ్ళ చేతికే తాళాలు వెళ్ళాయన్నమాట. పౌలు యెరూషలేము బీదల కోసం పోగైన చందా విషయంలో, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఏర్పరచిన మనిషిని తోడు పెట్టుకున్నాడు. జక్కయ్య ఇంకా నయం, నిలబడి అంకెలే చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా గుంజినదానికి నాలుగింతలు. ఆ మాట తర్వాతే యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. మనకేమో రక్షణ అంటే వెనక కీబోర్డు మెల్లగా మోగాలి, కళ్ళు మూసుకొని చేతులెత్తాలి.

మన తెలుగు సంఘం పుట్టుకైనా గుర్తుచేసుకోండి. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. ఒంగోలు ప్రాంతంలో సువార్త వాడవాడకూ పాకింది అలాంటివాళ్ళ కాళ్ళ మీదే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం బతిమాలినా కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆగాడు. కరువు పని ముగిశాకే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది నీళ్ళలోకి దిగారు. డబ్బుకీ విశ్వాసానికీ మధ్య అంత జాగ్రత్తగా గీత గీసిన చోట పుట్టిన సంఘం ఇవాళ ఆశీర్వాదానికి రేటు కట్టి 'విత్తనం వేయండి' అంటోంది. హైదరాబాదు హెబ్రోనులో భక్తసింగ్ గారు జీతమంటూ లేకుండా, సంఘాన్ని పెద్దల చేతుల్లో పెట్టి నడిపించారు. ఆయన పోయింది 2000లోనే. ఆయన్ని చూసినవాళ్ళు ఇంకా మన మధ్యనే ఉన్నారు.

రేకుల షెడ్డు సంఘాలకే ఈ జబ్బు పరిమితమని పెద్ద గోపురాలవాళ్ళు సంబరపడనక్కర్లేదు. 1947లో ఐక్యతకు గుర్తుగా పుట్టిన సి.ఎస్.ఐ.ని చూడండి. 2024 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఆ సినడ్ వ్యవహారాలు చూడటానికి ఇద్దరు రిటైర్డు జడ్జీలను వేయాల్సి వచ్చింది. సంఘం ఇల్లు సంఘమే చక్కబెట్టుకోలేక కోర్టు మెట్లెక్కడం కన్నా సిగ్గుచేటు ఏముంది?

డబ్బుతోనే ఆగితే కొంత నయం. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న నలుగురు తల్లులు చనిపోయారు. రాష్ట్రమంతా నిలదీసింది, విచారణ జరిగింది, చర్యలకు ప్రభుత్వం దిగక తప్పలేదు. అదే స్వస్థత సభలో మైకు పట్టుకొని 'మాత్రలు మానెయ్, విశ్వసించు' అన్నవాడి మాట నమ్మి షుగరు మందులు ఆపేసి మంచాన పడ్డవాళ్ళ సంగతి? ఏ కమిటీ విచారించింది? బాగైతే వేదిక మీద సాక్ష్యం, యూట్యూబులో వీడియో. బాగవకపోతే రోగికే విశ్వాసం చాలలేదు!

విశ్వాసి మాత్రం అందరికీ లెక్క చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుణ్ణి ఎస్సీ జాబితా బయట నిలబెట్టింది. సిక్కు దళితులను 1956లో, బౌద్ధ దళితులను 1990లో చేర్చారు, మనల్ని చేర్చలేదు. మనకు మిగిలింది బీసీ-సిలో ఒక్క శాతం. అందుకే మన పిల్లలకు సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు. బాప్తిస్మం పొందినందుకు తహసీల్దారు ఆఫీసు కిటికీ ముందు భయపడుతూ నిలబడేది ఆ కూలి తల్లి బిడ్డ. అంత మూల్యం కట్టినవాళ్ళకు నెలకో కాగితం మీద జమాఖర్చు చూపించడం అయ్యగారికి భారమా?

'బయట మన మీద దాడులు జరుగుతుంటే ఇప్పుడా ఈ మాటలు? ఇంటి గుట్టు లంకకు చేటు' అంటారు. దాడులు నిజం, ఖండించాల్సిందే. కానీ లంక చెడింది గుట్టు బయటపడి కాదు, రావణుడు చేసిన పనికి. యాచారం, మంచాల పల్లెల్లో పాత బండికి సొంత డబ్బుతో పెట్రోలు పోసుకొని తిరిగే పాస్టర్లున్నారు. లెక్క తెరిస్తే వాళ్ళకే మేలు. వాళ్ళెంత తక్కువతో బతుకుతున్నారో అప్పుడే సంఘానికి తెలుస్తుంది.

1517లో లూథరు మొదట తగువు పెట్టుకున్నది పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీదే. అంతటి సంస్కరణకు డబ్బు ప్రశ్నే తలుపు తీసింది. మనం అడగాల్సినవీ పెద్ద కోరికలేం కావు. నెల మొదటి ఆదివారం జమాఖర్చు మందిరం గోడకు అంటించాలి. స్థలం సంఘం పేరున రిజిస్టరు కావాలి. అయ్యగారి తర్వాత ఎవరన్నది సంఘం తేల్చాలి, రక్తసంబంధం కాదు. స్వస్థత ప్రార్థన చేసిన ప్రతిచోటా 'డాక్టరు చెప్పేదాకా మందు ఆపొద్దు' అని అదే మైకులో చెప్పాలి. డబ్బు లెక్కపెట్టే బల్ల దగ్గర సగం మంది ఆడవాళ్ళు కూర్చోవాలి. 2013లో పుష్పలలితమ్మ నంద్యాల బిషప్ కాగలిగినప్పుడు మన అక్కచెల్లెళ్ళు నోట్లు లెక్కపెట్టడానికి పనికిరారా?

ఇవి జరిగేదాకా, అమ్మా, ఆ కవరు ఇవ్వకండి. మీ కానుక దేవునిదే, అందుకే దేవుడు చెప్పినవాళ్ళకు నేరుగా ఇవ్వండి. మీ వాడలో విధవరాలికి బియ్యం కొనివ్వండి, తల్లిదండ్రుల్లేని పిల్లాడి ఫీజు కట్టండి, రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. శపిస్తామంటే శపించనివ్వండి. విధవరాండ్ర సణుగుడుకి చెవొగ్గిన సంఘం పేతురుది. దాన్ని శాపంతో అణచే సంఘం ఎవరిదో వాళ్ళనే చెప్పమనండి.