పెళ్ళి విందులో ‘లైవ్’ మిఠాయిలు: ఆతిథ్యమా? అజీర్ణమా?

పసుపు పంట అమ్ముడుపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులలోనే మా ఆర్మూరు ప్రాంతములో పెళ్ళిళ్ళ సందడి ఎక్కువ. ఇటీవల ఈ విందులలో ఒక కొత్త మర్యాద ప్రవేశించినది. భోజనపు బల్లలకు దూరముగా, హాలు ద్వారము వద్ద నాలుగైదు ‘లైవ్ కౌంటర్లు’ వెలుస్తున్నవి. ఒకచోట మూకుడులో జిలేబీ చుట్టుతుంటారు. ఒకచోట మంచుగడ్డ వంటి పళ్ళెముపై ఐస్‌క్రీమును పరచి చుట్టలు తీస్తుంటారు. ఒకచోట చాక్లెట్ ఫౌంటెన్, మరొకచోట పీచుమిఠాయి, చిట్టచివర నోటినుండి పొగలు తెప్పించే పాన్. అతిథి తనకు కావలసినది చెప్పి, కంటి ఎదుట చేయించుకొని తినవచ్చును. ఆడపిల్ల తండ్రి ఇప్పుడు క్యాటరింగ్ వారిని అడిగే మొదటి ప్రశ్న, “ఎన్ని కౌంటర్లు పెడతారు?” అన్నదే.

ఎదుట వండి పెట్టే ఈ పద్ధతికి నేను విరోధిని కాను. మూకుడు కనిపిస్తుంది, నూనె రంగు కనిపిస్తుంది, వండేవాని చేతులు కనిపిస్తాయి. పదార్థము వేడిగా అందుతుంది. అన్నిటికంటె ముఖ్యముగా, “నాకు సగమే చాలు, పాకము పిండి ఇవ్వండి” అని చెప్పే స్వేచ్ఛ అతిథికి దక్కుతుంది. పంక్తి భోజనములో ఈ స్వేచ్ఛ తక్కువ. విస్తరిపై చేయి అడ్డము పెట్టినా వ్రేళ్ళ సందున లడ్డు జారవిడిచిన ఆప్యాయత మన అందరికీ తెలిసినదే! మధుమేహము గలవారికి ఆ ఆప్యాయత ఎంతో ఇబ్బంది పెట్టేది. అటువంటివారికి కౌంటరు ఒక వరము కావలసినది. కాని క్యాటరింగ్ వారు అన్నిటినీ ఒకే కొలత కప్పులలో ముందుగానే నింపి పెడుతున్నారు. అడిగి చేయించుకొనడము పేరుకు మిగిలి, అందరికీ అంతే అందుతున్నది.

వైద్యవృత్తిలో ఉన్నందువలన నా దృష్టి వంటకముమీద కంటె తినేవారిమీదనే ఎక్కువగా పడుతుంది. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము మన దేశములో సుమారు 10 కోట్లమందికి పైగా మధుమేహము ఉన్నదని లెక్కగట్టినది. మూడు వందలమంది వచ్చిన విందులో వీరు ఎందరుంటారో పాఠకులే ఊహించుకొనవచ్చును. వీరిలో అనేకులు ఒక ప్రమాదకరమైన లెక్క వేసుకొని వస్తారు: “ఈ రోజు పెళ్ళి కదా, ఒక మాత్ర ఎక్కువ వేసుకున్నాను.” ఇది ఎంతమాత్రము తగదు. తీపి తెచ్చే చక్కెర గంటలో పెరిగి తగ్గుతుంది. గ్లైమిపిరైడ్ వంటి మాత్ర ప్రభావము రాత్రి అంతా సాగుతుంది. తెల్లవారుజామున చక్కెర పడిపోయి చెమటలు పట్టినప్పుడు పక్కన ఎవరుంటారు?

మరొక ప్రమాదము ఆలస్యము వలన కలిగేది. ఒక రిసెప్షనులో చూచినది చెబుతాను. డెబ్బది ఏండ్లు దాటిన విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు, ఆహ్వాన పత్రికలో ఎనిమిది గంటలకు విందు అని ఉన్నది గనుక, ఇంటివద్దనే మాత్ర వేసుకొని వచ్చారు. వధూవరులు వేదికపైకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. పెద్దమనిషి గనుక ఆశీర్వదించకుండా భోజనానికి లేవలేదు. కొంతసేపటికి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. చుట్టూ ఉన్నవారు ఉక్కపోత అనుకొని విసురుతున్నారు. ఆయనకు స్పృహ ఉన్నది, మ్రింగగలుగుతున్నారు. జిలేబీ కౌంటరునుండి పాకము తెప్పించి చెంచాతో నాలుగైదుసార్లు పట్టించాము. పావుగంటలో మాట సర్దుకున్నది. తరువాత పప్పన్నము పెట్టించాము. (స్పృహ తప్పినవారి నోటిలో మాత్రము ఏదీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.) ఆ రాత్రి ఆయనను కాపాడినది చక్కెరే! చక్కెర విషమనే కేకలు నాకు రుచించకపోవుటకు ఇది ఒక కారణము. ఎప్పుడు, ఎంత అన్నదే అసలు ప్రశ్న.

మన విందులో ఈ ‘ఎప్పుడు’ తలక్రిందులైనది. సుశ్రుతుడు భోజనములో ముందుగా మధురము, నడుమ పులుపు ఉప్పులు, పిదప మిగిలిన రసములు అని క్రమము చెప్పాడు. తెలుగువారి విస్తరిలో తీపి మొదట వడ్డించే ఆచారము దీనికి సరిపోతుంది. జఠరాగ్ని చురుకుగా ఉన్నప్పుడే గురుపదార్థము పడవలెనని దీని భావము. నేటి పరిశోధనలు కూరలు, పప్పు ముందు తిని, పిండిపదార్థములు, తీపి తరువాత తింటే మధుమేహులకు రక్తములో చక్కెర అంత త్వరగా ఎగబ్రాకదని చెబుతున్నవి. ఈ రెండింటికీ పొత్తు కుదరదని కొందరు వాదిస్తారు. నాకు అట్లా తోచదు. సుశ్రుతుని క్రమము ఆకలి గల ఆరోగ్యవంతునికి. ప్రమేహ కారణములను చెప్పే చోట చరకుడు సుఖముగా కూర్చొని ఉండుట, అతినిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యములతోపాటు బెల్లపు వికారములను కూడ చేర్చనే చేర్చాడు. కనుక ఆరోగ్యవంతులు మొదట తినవచ్చును. మధుమేహులు కూర, పప్పు తిన్న పిదప ఒక ముద్దతో తృప్తిపడవలెను. భోజనము ముగించి, వేదికవద్ద ఫోటోలు దిగి, ముప్పావు గంట గడిచిన తరువాత బయటికి పోతూ నాలుగు కౌంటర్ల తీపి తినుటను రెండు మార్గములూ సమర్థించవు. తిన్నది జీర్ణము కాకమునుపే మరల తినుటకు శాస్త్రములో అధ్యశనమని పేరు. తీపి బల్లను ద్వారము దగ్గర పెట్టుట అతిథిచేత అధ్యశనము చేయించుటయే.

అందులోను మా ప్రాంతపు విందు తేలికైనది కాదు. అంకాపూర్ నాటుకోడి కూరకు ఎంత పేరున్నదో అందరికీ తెలుసు. దానిపై పాలకోవా, రబ్డీ, ఐస్‌క్రీము. గ్రామ్య జంతువుల మాంసమును పాలు, బెల్లము, తేనెలతో కలిపి తినరాదని చరకుడు విరుద్ధాహార ప్రకరణములో చెప్పాడు. ఆధునిక పోషణశాస్త్రము ఈ పట్టికను యథాతథముగా అంగీకరించదు. కాని అర్ధరాత్రివేళ కొవ్వుపై కొవ్వు పడితే ఏమవుతుందో తెలుసుకొనుటకు ఏ శాస్త్రమూ అక్కరలేదు.

ఇక ‘ఎంత’ అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారము పెద్దవారు రోజు మొత్తములో, విడిగా చేర్చిన చక్కెరను 25 గ్రాములకు, అంటే సుమారు ఆరు చిన్న చెంచాలకు, పరిమితము చేసుకొనుట మేలు. పాకములో ఊరిన గులాబ్‌జాములు రెండు తింటే ఆ లెక్క ఇంచుమించు పూర్తి అవుతుంది. బెల్లమయితే దోషము లేదని మన పత్రికల పాఠకులు చాలామంది నమ్ముతారు. బెల్లములో కొద్దిపాటి ఖనిజములు ఉన్న మాట నిజమే. అయినా అందులో అత్యధిక భాగము చక్కెరయే. మధుమేహికి బెల్లపు పరమాన్నము పెట్టి “ఇది మీకు ఏమీ చేయదు” అనుట మోసమే అవుతుంది. తేనె సంగతి కూడ అంతే. ఆపైన వేడివేడి జిలేబీమీద తేనె ధార పోసే కొత్త సరదా ఆయుర్వేదమునకు బొత్తిగా విరుద్ధము. తేనెను వేడితో కలుపరాదన్నది శాస్త్ర నియమము. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించుట నేటి వైద్యము కూడ గట్టిగా నిషేధించినది.

నాకు మిక్కిలి కష్టము కలిగించేది రంగు. నిజామాబాదు జిల్లా పసుపునకు పుట్టినిల్లు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమై దాని ప్రధాన కార్యాలయము నిజామాబాదులోనే ఏర్పడినది. కొమ్ములు, మండలు బస్తాలకొద్దీ అమ్మకానికి పోయే ఈ గడ్డమీద జిలేబీకి, బూందీకి పసుపు వన్నె పొట్లములోని రంగుపొడి నుండి వస్తున్నది! చట్టము కొన్ని కృత్రిమ రంగులను మిఠాయిలలో కిలోకు 100 మిల్లీగ్రాములకు మించకుండా అనుమతిస్తున్నది. కాని విడిగా అమ్మే పొడిని చిటికెలతో వేసేవానికి మిల్లీగ్రాముల లెక్క ఎక్కడిది? మెటానిల్ ఎల్లో అనే రంగు ఆహారములో పూర్తిగా నిషిద్ధము, అయినా మిఠాయిలలో పట్టుబడుతూనే ఉన్నది. పీచుమిఠాయి గులాబీ వన్నెకు రోడమిన్-బి వాడుతున్నారని తేలినందున 2024లో తమిళనాడు ఆ మిఠాయిని నిషేధించగా, కర్ణాటక రంగు కలిపిన పీచుమిఠాయిని నిషేధించినది. మన ఇళ్ళలో బూందీ పిండిలో చిటికెడు పసుపు కలిపే అలవాటు ఉండేది. రుచి మారదు, వన్నె వస్తుంది. క్యాటరింగ్ వారికి కిలో మంచి కొమ్ములను ఆడించి మనమే ఇస్తే వారు కాదనరు.

పొగ పాన్ గురించి ఎక్కువ చెప్పను. దానిని పూర్తిగా మానవలెను. ద్రవరూప నత్రజని ఉష్ణోగ్రత సున్నకు క్రింద 196 డిగ్రీలు. అది లోపలికి పోయి ఆవిరి అయితే సుమారు ఏడువందల రెట్లు వ్యాకోచిస్తుంది. బెంగళూరులో అటువంటి పాన్ తిన్న పన్నెండేళ్ళ బాలికకు కడుపులో రంధ్రము పడి శస్త్రచికిత్స చేయవలసి వచ్చిన సంగతి 2024లో వెల్లడి అయినది. అదే సంవత్సరము గురుగ్రాములో నోటి శుద్ధికని పొరపాటున గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు ఇచ్చినందున అయిదుగురు రక్తము కక్కుకొని ఆసుపత్రి పాలైనారు. పిల్లవాని నోటినుండి పొగ వచ్చే ఫోటో కోసము ఇంత సాహసము ఎందుకు?

చాక్లెట్ ఫౌంటెన్ అంత భయంకరము కాదు, కాని శుభ్రమైనదీ కాదు. కొరికిన ముక్కనే పిల్లలు మరల ముంచుతారు, ఆ ధార మరల అందరికీ తిరుగుతుంది. వేసవిలో నిజామాబాదు వేడి 44, 45 డిగ్రీలకు చేరుతుంది. అటువంటి రోజున కోసిన పండ్లు, రబ్డీ, కోవా బల్లపై ఒక గంటకు మించి ఉండరాదు. జిలేబీ నూనె విషయములో ఒక చట్టము ఉన్నదని గుర్తుంచుకొనండి. మాటిమాటికీ కాగి పాడైన నూనెను వాడరాదని 2018 నుండి నియమము. నూనె నల్లబడి నురుగు కడితే ఆడపిల్ల తండ్రి అయినా సరే మొగమాటము లేక పారబోయించవలెను.

నేను ఇంటి పెద్దనయితే రెండే కౌంటర్లు పెట్టిస్తాను, అవీ భోజనపు బల్లల మధ్యనే. ఒకటి మలీదది. సద్దుల బతుకమ్మనాడు మన తల్లులు చేసే మలీదను పెళ్ళిలో ఎవరూ తలపెట్టరు, అదేమి చిత్రమో! వేడి రొట్టెను ఎదుట నలిపి, అతిథిని అడిగి బెల్లము, నేయి, నువ్వులు, పల్లీలు, ఏలకులు కలిపి ముద్ద కట్టి ఇవ్వవచ్చును. బెల్లము ఎంత వేయవలెనో చెప్పేది అతిథి. మూడు వందలమందికి తలకు సుమారు 40 గ్రాముల ముద్ద చొప్పున 7 కిలోల గోధుమపిండి, 3 కిలోల బెల్లము, ముప్పావు కిలో నేయి సరిపోతాయి. అంటే మనిషికి బెల్లము 10 గ్రాములే. నలిపేవారు చేతులు కడుక్కొని తొడుగులు వేసుకొనవలెను. పల్లీ, నువ్వులు పడనివారు ఉంటారు గనుక వానిని విడిగా ఉంచవలెను. పేలాలపిండితో కూడ ఇటువంటి ముద్దలు చేయవచ్చును, తొలి ఏకాదశికి చేసేదే. అయితే మా పొలాలలో పండే ఎర్రజొన్న పశుగ్రాసపు విత్తనముగా ఉత్తరాదికి పోయేది, దానితో కాదు. తెల్లజొన్న పేలాలు కావలెను.

రెండవది పసుపు పాలది. సగముమంది తీసుకుంటారనుకొని, తలకు 100 మిల్లీలీటర్ల చొప్పున 15 లీటర్ల పాలు చాలును. 50 గ్రాముల పసుపు, అందులో మూడవ వంతు మిరియాలపొడి వేసి మరిగించవలెను. మిరియము తోడైతే పసుపులోని కర్క్యుమిన్ దేహమునకు ఎక్కువగా పడుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపినారు. ఇది మందు అని నేను చెప్పను. రాత్రివేళ ఐస్‌క్రీము కంటె సుఖముగా దిగుతుంది, అంతే. రక్తము పలుచబడే మాత్రలు వాడేవారికి కూడ ఒక చిన్న కప్పు వంట మోతాదే గనుక భయపడనక్కరలేదు. పసుపు గుళికలయితే వైద్యుని అడుగవలెను. బెల్లము మరుగుతున్న పాలలో వేస్తే విరిగిపోవచ్చును గనుక కప్పులో పోసి కొంచెము ఆరిన తరువాత కలుపుకొనమనవలెను. తీపి లేకుండ కావాలన్నవారికి తీపి లేకుండానే ఇవ్వవలెను.

క్యాటరింగ్ వారితో మాట్లాడునప్పుడు మూడు సంగతులు కాగితముపై వ్రాయించుకొనండి: రంగుపొడి వాడరాదు, కప్పులు ముందుగా నింపరాదు, అరవై దాటినవారికీ మాత్రలు వేసుకొనేవారికీ వేదిక కార్యక్రమముతో నిమిత్తము లేకుండా ఎనిమిది గంటలకే భోజనము పెట్టవలెను. చివరిదానికి క్యాటరింగ్ వారు ఒప్పుకుంటారు. వీడియో తీసేవారినీ ఒప్పించవలసి ఉంటుంది, ఎందుకంటే పెద్దలను వేదిక ముందు కూర్చోబెట్టేది వారే.