ఏ బ్యాటు కొనాలి?

కొన్ని ప్రశ్నలు చూడడానికి అంగడి ప్రశ్నల్లాగే ఉంటాయి. తీరా సమాధానం వెదకబోతే అవి మనల్నే నిలదీస్తాయి. ముప్ఫై ఏళ్ళ విరామం తరువాత మళ్ళీ బాల్ బ్యాడ్మింటన్ ఆడదామని బయలుదేరిన నాకు, ఏ బ్యాటు కొనాలన్న ప్రశ్న అలాంటిదే అయింది. నాలుగు నెలలు దానితో కుస్తీ పట్టిన మీదట ఒక అభిప్రాయానికి వచ్చాను. నా ఈడువారు ఇంకెవరైనా మైదానం వైపు ఆశగా చూస్తున్నారేమోనని దాన్నిక్కడ వ్రాసి పెడుతున్నాను.

ఈ ఆటను చూడని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు కనుక ముందుగా రెండు మాటలు. షటిల్‌కూ దీనికీ పోలిక ముఖ్యంగా పేరులోనే. ఇక్కడ ఈకల షటిల్ ఉండదు, పసుపుపచ్చని ఉన్ని బంతి ఉంటుంది. జట్టుకు ఐదుగురు: ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు, నడుమ ఒకరు. కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. బంతి నేలను తాకకముందే తిప్పికొట్టాలి. 1856 నాటికే తంజావూరు రాజకుటుంబంలో ఈ ఆట ఉండేదని చెబుతారు. మన వరంగల్లుకు దీనితో ఉన్న చుట్టరికం మరీ దగ్గరిది. ఈ ఆటలో 1970 సంవత్సరపు అర్జున పురస్కారం పొందిన జమ్మలమడక పిచ్చయ్యగారు ఈ ఊరివారుగా జీవించి, నూరేళ్ళు దాటిన వయసులో 2021 డిసెంబరులో కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజున అటక మీది నా పాత బ్యాటు గుర్తుకొచ్చింది. దాన్ని కిందికి దించడానికి మాత్రం మరికొన్నేళ్ళు, మరొక మరణం కావలసి వచ్చాయి.

కాలేజీ రోజుల్లో మా జట్టులో ఎడమ వెనుక ఆడిన మిత్రుడు నిరుడు పోయాడు. పదకొండో రోజు భోజనాల దగ్గర మిగిలిన నలుగురం ఒక వరుసలో కూర్చున్నాము. ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. చేతులు కడుక్కునేటప్పుడు ఒకడు, “మళ్ళీ ఆడుదామారా?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ మరుసటి ఆదివారమే నేను అటక ఎక్కాను.

బ్యాటు చెక్కది. వంకరపోకుండా నాలుగు మూలలా మరలు బిగించిన చెక్క చట్రంలో ఇన్నాళ్ళూ భద్రంగా ఉంది. గట్టు మాత్రం ఎండిపోయి, ముట్టుకుంటే తెగింది. కొత్తగా గట్టు వేయించడానికి హనుమకొండలో ఒక చిన్న దుకాణానికి తీసుకువెళ్ళాను. అక్కడి పెద్దమనిషి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి, అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా అన్నాడు: “గిది ఆడెటోళ్ళ బ్యాటు కాదు సార్, ఆడినోళ్ళ బ్యాటు. ఇంట్ల గోడకు పెట్టుకోరాదుండ్రి.” నాకు కొంచెం కోపం వచ్చింది. వేయవలసిందేనన్నాను. “మీరు వెయ్యిమంటె వేస్త” అని, వేసి ఇచ్చాడు.

రెండు వారాలు ఆడాను. మొదటి వారం స్వర్గం. రెండో వారం మోచెయ్యి పట్టేసి, ఉదయం టీ గ్లాసు ఎత్తడానికి ఎడమచేతి సాయం కావలసి వచ్చింది. బ్యాటు మారలేదు, దాన్ని పట్టిన చెయ్యే మారింది. ఈ చిన్న సంగతిని ఒప్పుకోవడానికి నాకు ఆ నొప్పి అవసరమైంది.

ఇలాంటి పొరపాటు మహామహులూ చేశారు. టెన్నిస్‌లో ఐదు వింబుల్డన్‌లు వరుసగా గెలిచిన బ్యోర్న్ బోర్గ్ 1983లో ఆట మానేసి, 1991లో మోంటేకార్లోలో మళ్ళీ దిగాడు. అప్పటికి లోకమంతా గ్రాఫైటు రాకెట్లకు మారింది. ఆయన మాత్రం పాత చెక్క రాకెట్టుతోనే వచ్చాడు. మొదటి రౌండులోనే స్పెయిన్‌కు చెందిన హోర్డి అరెసె చేతిలో 6-2, 6-3తో ఓడిపోయాడు. ఓటమికి రాకెట్టు ఒక్కటే కారణమని నేననను. కానీ ఆ మనిషి ఆడడానికి వచ్చాడా, ఆగిపోయిన చోటికి తిరిగి వెళ్ళడానికి వచ్చాడా అన్న సందేహం నాకు ఎప్పుడూ ఉండేది. నా మోచెయ్యి పట్టేసిన రోజున ఆయనమీద సానుభూతి కలిగింది.

రెండో పొరపాటు దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. బరువు వల్లనే నొప్పి కదా అని, దొరికినవాటిలో అతి తేలికైన, అతి ఖరీదైన కార్బన్ బ్యాటు కొన్నాను. చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. నొప్పి తగ్గకపోగా మణికట్టుకు కూడా పాకింది. కారణం తరువాత ఆలోచిస్తే తట్టింది. షటిల్ బరువు అయిదు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. మన ఉన్ని బంతి 27 నుండి 30 గ్రాములు, అంటే దాదాపు ఆరు రెట్లు. శీతాకాలపు ఉదయాల్లో మంచు పీల్చుకుంటే ఇంకా బరువెక్కుతుంది. అందుకే షటిల్ రాకెట్టు నూరు గ్రాములలోపే ఉంటే, మన బ్యాటు 165 నుండి 185 గ్రాముల దాకా ఉంటుంది. బరువైన బంతి వచ్చి తగిలినప్పుడు ఆ అదురును కొంత బ్యాటే మోయాలి. అది మరీ తేలికైతే, మోయవలసిన భారమంతా మోచేతికి వదిలేస్తుంది.

మొదటి బ్యాటు నా యౌవనాన్ని చూసి ఎంచుకున్నది. రెండోది నా భయాన్ని చూసి ఎంచుకున్నది. రెండు సార్లూ నా చేతిని చూడలేదు.

చేతిని చూడడమంటే ఏమిటో ఒకసారి అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను. అక్కడ బౌలింగ్ అనే ఆట ఉంది. నున్నటి చెక్కబాట మీద బరువైన బంతిని దొర్లించి, చివరన నిలబెట్టిన పది కొయ్యలను పడగొట్టాలి. బంతి బరువు 16 పౌండ్లకు, అంటే సుమారు ఏడుంబావు కిలోలకు, మించకూడదు. సొంత బంతి కొనుక్కునేవారికి ముందుగా బొటనవేలు, నడిమి వేళ్ళు, వాటి మధ్య దూరం కొలిచి, ఆ తరువాతనే రంధ్రాలు తొలుస్తారు. చాలాకాలానికి మళ్ళీ ఆటకు వచ్చిన ఒకాయన తన పాత బంతిని పట్టుకువస్తే, దుకాణదారు బంతిని పక్కన పెట్టి, “ముందు మీ చెయ్యి చూపించండి” అన్నాడు. అప్పుడు నాకది వింతగా తోచింది. ఇప్పుడు అందులో న్యాయం కనిపిస్తోంది.

కనుక నా అభిప్రాయం ఇది. మళ్ళీ ఆటకు వచ్చేవారు ముందుగా బ్యాటును కాదు, కోర్టులో తమ చోటును ఎంచుకోవాలి. ఒకప్పుడు వెనుక నిలబడి తలమీదుగా బాదినవారు ఇప్పుడు కూడా అక్కడే నిలబడాలన్న శాసనం లేదు. నేను నడిమికి మారాను. వెనుక ఆడేవారికి కాస్త తల బరువున్న బ్యాటు పనికివస్తుంది. ముందు ఆడేవారికి చటుక్కున తిరిగే బ్యాటు కావాలి. నడుమ ఆడేవారికి రెండింటికీ మధ్యస్థం చాలు. రెండవది పిడి. బ్యాటు పట్టుకున్నప్పుడు వేళ్ళ కొసలకూ అరచేతికీ నడుమ ఒక వేలు దూరేంత సందు ఉండాలి. సందు లేకపోతే పిడి సన్నం, మరీ ఎక్కువైతే లావు. మూడవది గట్టు. కుర్రవాళ్ళలాగా బిర్రుగా లాగించుకోకూడదు. కొంచెం వదులుగా ఉన్న గట్టు బంతిని తానే విసురుతుంది, మోచేతిని కాపాడుతుంది. నాలుగవది, కొనేముందు ఎవరిదైనా అడిగి ఒక పూట ఆడి చూడాలి. అడగడానికి సిగ్గుపడేవారు ఆటకు రాకపోవడమే మంచిది, ఎందుకంటే అక్కడ సిగ్గుపడవలసినవి ఇంకా చాలా ఉంటాయి.

“ఈ వయసులో షటిల్ ఆడరాదా? నీడన ఆడుకోవచ్చు, ఇద్దరుంటే చాలు” అని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. సలహా మంచిదే, షటిల్ గొప్ప ఆటే. కానీ ఇద్దరుంటే చాలు అన్నదాన్ని వారు సౌకర్యంగా చెబుతున్నారు. నాకు అది లోటుగా కనిపిస్తుంది. మా ఆటకు పదిమంది కావాలి. పదిమందిని పోగుచేయడానికి తెల్లవారుజామున ఫోన్లు చేయాలి, అలిగినవాణ్ణి బతిమాలాలి, నేల తడపాలి, సున్నం గీతలు వేయాలి. ఈ శ్రమంతా ఆటలో భాగం. మా మిత్రుడు పోయిన తరువాత మేము నలుగురం వెదుక్కున్నది వ్యాయామాన్ని కాదు కదా.

ఐదోవాడుగా ఇప్పుడు ఒక డిగ్రీ చదివే కుర్రవాడు వస్తున్నాడు. ఎడమ వెనుక ఆడతాడు. మొదటి రోజు వాడి బ్యాటు చూస్తే గట్టు రెండుచోట్ల ముడివేసి ఉంది. బంతి కూడా వాళ్ళ దగ్గర ఒక్కటే, ఉన్ని లేచిపోయి బోడిగుండులా ఉంది. అది పాడైతే ఆ రోజుకు ఆట ఆగినట్టే. నేను ఖరీదైన కార్బన్ బ్యాటుకు పోసిన డబ్బుతో ఎన్ని బంతులు వచ్చేవో లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఇక్కడ వ్రాయను.

కార్బన్ బ్యాటు ఆ కుర్రవాడికిచ్చాను. వాడి చేతిలో అది బాణంలా పనిచేస్తోంది, తప్పు బ్యాటుది కాదన్నమాట. నేను 180 గ్రాముల మామూలు ఫైబర్ బ్యాటు కొనుక్కున్నాను. మిగిలిన డబ్బుతో ఒక పెట్టె బంతులు కొని కోర్టు దగ్గరే పెట్టాము. మళ్ళీ ఆడాలనుకునేవారికి నా సలహా కూడా అదే. బ్యాటు మీ ఒక్కరిది, కనుక మీ నేటి చేతికి సరిపోయినంతే కొనండి. బంతి పదిమందిదీ, దాని దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మంచి బ్యాటు ఉండి బంతి లేని మైదానంలో ఏ ఆటా సాగదు.

పాత చెక్క బ్యాటు మళ్ళీ చట్రంలోకి వెళ్ళింది. దాన్ని గోడకు తగిలించలేదు, ఆ పెద్దమనిషి మాట పూర్తిగా వినడానికి మనసు ఒప్పలేదు. అటక మీద కాకుండా తలుపు పక్కన పెట్టాను. ఆదివారం ఉదయం కొత్త బ్యాటు తీసుకుని వెళ్ళేటప్పుడు అది కనిపిస్తూ ఉంటుంది.